టోల్ ఫ్రీ నంబరుకు ఫోను చేస్తే సొమ్ము పోతుందా?

ఈశాన్య ఋతుపవనాలు చెన్నై వాసులకు కొత్త కావు. కొన్నేళ్ల క్రితం ఒక కార్తీక మాసంలో ఉత్తర చెన్నైలోని ఒక సందులో రెండు రోజుల పాటు మోకాటి లోతు వాననీరు నిలిచిపోయింది. సందు మొదట గోడమీద కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913 పెద్ద అంకెలతో రాసి ఉంది. అయినా ఆ రెండు రోజులలో ఆ సందు నుంచి ఒక్క ఫోను కూడా రాలేదు. మూడవనాడు మరొక పనిమీద కార్యాలయానికి వచ్చిన ఒక తెలుగు తల్లిని “ఆ నంబరుకు ఎందుకు ఫోను చేయలేదమ్మా?” అని అడిగాను. ఆమె చేతిసంచిలోని చిన్న ఫోను తీసి చూపుతూ, “ఇందులో పద్దెనిమిది రూపాయలున్నాయి బాబూ. ఊళ్లో మాయమ్మకు ఒంట్లో బాగోలేదు, ఏ క్షణాన మాట్లాడాల్సి వస్తుందో తెలీదు. ఆ నంబరుకు చేస్తే ఉన్నది కాస్తా కోసేస్తారు గదా అని ఊరుకున్నాం” అన్నది.

ఆమెది అజ్ఞానమని తోసివేయడం తగదు. అడగని పాటలకు, కోరని జాతకాలకు ఫోనులోని సొమ్ము కోతపడిన అనుభవం ప్రీపెయిడ్ వినియోగదారులలో ఎందరికో ఉన్నది. ఒకసారి చేయి కాలినవారు పొయ్యి చూడగానే వెనుకడుగు వేయడం సహజం. అయితే ఆమె 1913కు ఫోను చేసి ఉంటే ఆ పద్దెనిమిది రూపాయలలో ఒక్క పైసా కూడా తగ్గి ఉండేది కాదు. ఉచితమైన నంబరును ఖర్చుకు భయపడి వదిలివేయడం ఎంత నష్టమో, ఉచితం కాని నంబరును ఉచితమని నమ్మడం కూడా అంతే నష్టం. ఈ రెండింటి మధ్య తేడాను గుర్తించే విధానాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

టోల్ ఫ్రీ అనగా ఏమిటి?

టోల్ అంటే సుంకం. రహదారి మీద టోల్ గేటు వద్ద వాహనదారు చెల్లించేది కూడా అదే. దూరప్రాంతాలకు ట్రంకు కాల్ చేసినప్పుడు, దారి పొడవునా ఉన్న తీగలను వాడుకున్నందుకు పిలిచినవారు సుంకం చెల్లించేవారు. ఆ సుంకాన్ని పిలిచేవారి మీద వేయక, పిలుపును అందుకొనే సంస్థ తానే భరించేటట్లు చేసిన ఏర్పాటునే టోల్ ఫ్రీ అంటున్నాము. కాల్‌కు ఖర్చు లేకపోలేదు. దానిని చెల్లించేవారు మారినారు, అంతే. తపాలాలో గ్రహీతయే స్టాంపు సొమ్ము కట్టే జవాబు కవర్లను చూసినవారికి ఈ పద్ధతి సులభంగా బోధపడుతుంది.

మన దేశంలో ఇందుకు కేటాయించిన ప్రధాన శ్రేణి 1800. ఈ నాలుగంకెలతో మొదలయ్యే నంబరుకు నేరుగా ఏ తీగా ఉండదు. మీరు దానిని నొక్కగానే, టెలిఫోన్ వ్యవస్థలోని ఒక కేంద్ర కంప్యూటరు ఆ నంబరు ఏ సంస్థదో, ఆ సమయంలో ఏ కార్యాలయపు అసలు ఫోనుకు కలపవలెనో చూసి, కాల్‌ను అటు మళ్లిస్తుంది. లెక్క మాత్రం ఆ సంస్థ ఖాతాలో పడుతుంది. పూర్వం ఒక కంపెనీ వద్ద తీసుకున్న టోల్ ఫ్రీ నంబరు మరొక కంపెనీ ఫోను నుంచి చాలాచోట్ల కలిసేది కాదు. ఆ చిక్కును తొలగించడానికి టెలికాం నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ 2006లో నిబంధనలు చేసింది. అందువలన నేడు మీ సిమ్ ఏ కంపెనీదైనా 1800 నంబర్లు అందుబాటులో ఉంటున్నాయి.

ప్రీపెయిడ్ ఫోనుకు ఇది వర్తిస్తుందా?

తప్పక వర్తిస్తుంది. నెల చివర బిల్లు కట్టేవారికి ఒక న్యాయం, ముందుగా సొమ్ము కట్టేవారికి మరొక న్యాయం లేదు. ప్రీపెయిడ్ ఖాతాలో కాల్ మొదలయ్యే ముందే కంపెనీ కంప్యూటరు మీరు పిలిచిన నంబరు ఏ తరగతికి చెందినదో చూస్తుంది. సాధారణ నంబరయితే మీ పథకం ప్రకారం సెకనుకో నిమిషానికో లెక్క కడుతుంది. టోల్ ఫ్రీ అయితే లెక్క కట్టదు. అవతలివారు “దయచేసి వేచి ఉండండి” అని పాట వినిపించిన సమయానికి కూడా మీకు ఖర్చు ఉండదు. అరగంట వేచి ఉన్నా ఆ భారం పిలుపును అందుకొన్న సంస్థదే.

దీనిని మీరు స్వయంగా పరీక్షించుకొనవచ్చును. ప్రీపెయిడ్ ఖాతాలో సొమ్ము తగ్గే ప్రతి కాల్ ముగిసిన తరువాత ఎంతసేపు మాట్లాడినది, ఎంత కోతపడినది, ఎంత మిగిలినది కంపెనీ తెలియజేయవలెనని ట్రాయ్ 2012 నాటి నిబంధనలు చెబుతున్నాయి. తెరమీద కనబడే ఆ చిన్న సందేశాన్ని చదవక ముందే చెరిపివేయడం మనలో చాలామందికి అలవాటు. ఇకపై దానిని చదవండి. చదవడం రానివారు ఇంటిలోని పిల్లలచేత చదివించుకొనండి.

పోలిక ఒకటి, పద్ధతి వేరొకటి

టోల్ ఫ్రీ నంబరును పోలి ఉండి, టోల్ ఫ్రీ కానివి కొన్ని ఉన్నాయి. పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

మొదటిది 1860 శ్రేణి. 1800కు, 1860కి అంకె ఒక్కటే తేడా. కాని 1860 టోల్ ఫ్రీ కాదు. దేశమంతటా ఒకే నంబరుతో ఒక సంస్థను అందుకొనే సదుపాయం మాత్రమే అది. దానికి పిలిచినవారే స్థానిక కాల్ రుసుము చెల్లించవలెను. వేచి ఉన్న సమయం కూడా లెక్కలోకి వస్తుంది. అపరిమిత కాల్స్ పథకంలో ఉన్నవారు కూడా ఈ నంబర్లు తమ పథకంలో ఇమిడి ఉన్నవో లేవో షరతులలో చూసుకొనడం మంచిది. ఒక సంస్థకు 1800, 1860 రెండు నంబర్లూ ఉన్నప్పుడు 1800నే ఎన్నుకొనండి.

రెండవది 044 వంటి ఊరి కోడ్‌తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబర్లు, పది అంకెల మొబైల్ నంబర్లు. ప్రభుత్వ కార్యాలయానివి అయినంత మాత్రాన ఇవి ఉచితం కావు. ఉదాహరణకు తమిళనాడు విద్యుత్ ఫిర్యాదుల కేంద్రమైన మిన్నగం నంబరు 94987 94987. ఇది పది అంకెల మొబైల్ నంబరు కనుక సాధారణ కాల్‌గానే లెక్కకు వస్తుంది.

మూడవది 5తో మొదలయ్యే ఐదంకెల నంబర్లు. పాటలు, జాతకాలు, పోటీలు, ఆటల వంటి సేవలకు వీటిని వాడుతుంటారు. వీటికి సాధారణ కాల్ కంటె హెచ్చు రుసుము పడవచ్చును. “ఉచిత బహుమతి” అన్న మాట ప్రకటనలో ఉన్నంత మాత్రాన కాల్ ఉచితం కాదు.

నాలుగవది మీ సిమ్ కంపెనీ నంబర్లు. ఫిర్యాదులకు ఉద్దేశించిన 198 టోల్ ఫ్రీ. కొత్త పథకాలు, ఇతర వివరాలు అడగడానికి ఉన్న 121 వంటి సమాచార నంబరుకు అట్టి హామీ లేదు. అక్కడ ప్రతినిధితో మాట్లాడితే చిన్న రుసుము పడే అవకాశం ఉంది. ఫిర్యాదు ఉన్నవారు 198కే చేయవలెను.

ఇక ప్రభుత్వ సహాయ కేంద్రాల పొట్టి నంబర్లలో అత్యధికం టోల్ ఫ్రీ. వీటిని ఉన్నవి ఉన్నట్లుగా నొక్కవలెను. ముందు 0 గాని, 91 గాని, 044 గాని చేర్చనవసరం లేదు. వాట్సాప్ ద్వారా కాక, ఫోనులోని మామూలు డయలింగ్ నుంచే చేయవలెను.

ఖర్చు లేకపోవడం వేరు, దారి తెరిచి ఉండడం వేరు

ఇది అన్నిటికంటె ముఖ్యమైన విషయం. కాల్ ఉచితమే అయినా, మీ సిమ్ నుంచి బయటికి కాల్స్ వెళ్లే అనుమతి ఉంటేనే అది కలుస్తుంది. నేటి ప్రీపెయిడ్ పథకాలలో సొమ్ముతో పాటు గడువు కూడా ఉంటుంది. గడువు ముగిసి, బయటికి పోయే కాల్స్ నిలిచిపోయిన సిమ్ నుంచి 1800 నంబరు కలుస్తుందని నమ్ముకొనరాదు. “టోల్ ఫ్రీ అన్నారు, కలవడం లేదేమి?” అన్న ఫిర్యాదులలో చాలావాటికి కారణం ఇదే.

అత్యవసర నంబరు 112 దీనికి మినహాయింపు. రీచార్జి గడువు ముగిసిన ఫోను నుంచి సైతం 112కు కాల్ వెళ్లే ఏర్పాటు ఉంది. మీ కంపెనీ సిగ్నల్ లేనిచోట, మరొక కంపెనీ సిగ్నల్ ఉంటే దాని ద్వారా కూడా వెళ్లగలదు. పోలీసు, అగ్నిమాపక దళం, వైద్య సహాయం మూడింటికీ ఇదొక్కటే నంబరు. ఫోను తాళం తీయనవసరం లేకుండానే తెరమీద అత్యవసర కాల్ అన్న మీట ఉంటుంది. 2017 నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లలో ప్రమాద సూచక మీట ఉండవలెనని నిబంధన ఉంది. మీటల ఫోనులో 5 లేక 9 అంకెను అదిమి పట్టుకొనవలెను. స్మార్ట్‌ఫోనులో పవర్ మీటను వెంటవెంటనే మూడుసార్లు నొక్కవలెను. మీ ఫోనులో ఏది పనిచేస్తుందో ఆపద లేని సమయంలోనే తెలుసుకొని ఉంచుకొనండి. కాని పరీక్ష కోసం అత్యవసర కేంద్రానికి కాల్ చేయరాదు. ఆ క్షణంలో నిజమైన ఆపదలో ఉన్నవారి దారికి అడ్డు పడినట్లవుతుంది.

సిమ్ సంగతి వచ్చినది కనుక మరొక మాట. స్వగ్రామపు సిమ్‌ను, ఇక్కడి సిమ్‌ను రెండింటినీ ఉంచుకొనే వలసజీవులు మనలో ఎందరో ఉన్నారు. 90 రోజులకు తక్కువ కాలం వాడనంత మాత్రాన ప్రీపెయిడ్ సిమ్‌ను రద్దు చేయరాదు. ఆ తరువాత కూడా ఖాతాలో 20 రూపాయలుంటే దానిని తీసుకొని మరి 30 రోజులు కొనసాగించే ఏర్పాటు ఉంది. ఇంటర్నెట్ అవసరం లేనివారికై మాటలకు, సందేశాలకు మాత్రమే పనికివచ్చే పథకాలు కూడా ఉంచవలెనని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. చిన్న ఫోను వాడేవారు దుకాణంలో అట్టి పథకాన్ని పేరు పెట్టి అడగవలెను.

ఊరు మారితే నంబరు అర్థం మారుతుంది

అంబులెన్సు నంబరు 108 మనకు బాగా తెలిసినదే. అది 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైనది. తమిళనాడుకు 2008 సెప్టెంబరులో వచ్చింది. శ్రీకాకుళంలో నొక్కినా, చెన్నైలో నొక్కినా 108 అంబులెన్సుకే వెళుతుంది; ఎక్కడా రుసుము లేదు.

అన్ని నంబర్లూ ఇటువంటివి కావు. 1916 చెన్నైలోను, బెంగళూరులోను తాగునీరు, మురుగునీటి బోర్డు ఫిర్యాదుల నంబరు. అదే 1916 ముంబయిలో నగరపాలక సంస్థ వారి విపత్తు నియంత్రణ కేంద్రానిది. 1913 చెన్నై కార్పొరేషన్‌ది. కనుక ఒక నగరం నుంచి మరొక నగరానికి పని కోసం మారినవారు, పాత ఊరిలోని నంబరునే నమ్ముకొనక, కొత్త ఊరి నంబర్లను మొదటి వారంలోనే కనుక్కొని రాసిపెట్టుకొనవలెను.

భాష గురించిన సంకోచం కూడా ఉన్నది. చెన్నైలో 1913కు, 108కి సమాధానం సాధారణంగా తమిళంలో వస్తుంది. భయపడి ఫోను పెట్టివేయకండి. “తెలుంగు తెరింజవంగ యారావదు ఇరుక్కాంగళా?” అని అడగండి, తెలుగు తెలిసినవారెవరైనా ఉన్నారా అని దాని అర్థం. ఎవరూ లేకపోయినా రెండు మూడు మాటలతో పని జరుగుతుంది. గుండెనొప్పికి “నెంజు వలి” అనండి. నీరు నిలిచిందనడానికి “తణ్ణీర్ తేంగి నిక్కుదు” అనండి. తరువాత వీధి పేరు, దగ్గరలోని గుడి, బడి, బస్సు స్టాపు పేరు చెప్పండి. కాల్ ఉచితం కనుక నిదానంగా, రెండుసార్లు చెప్పవచ్చును. దేశమంతటికీ చెందిన కొన్ని కేంద్రాలలో తెలుగులోనే మాట్లాడే సదుపాయం ఉంది. ఆధార్ వారి 1947, వినియోగదారుల సహాయ కేంద్రం 1915, మానసిక ఆరోగ్య సలహాకై 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీమానస్ 14416 అట్టివి.

1800 కనబడగానే నమ్మవచ్చునా?

నమ్మరాదు. టోల్ ఫ్రీ అన్న మాటకు ఉన్న మంచిపేరును మోసగాళ్లు కూడా వాడుకుంటున్నారు. బ్యాంకు పేరుతో, గ్యాసు కంపెనీ పేరుతో ఇంటర్నెట్‌లో దొంగ నంబర్లు ఉంచుతున్నారు. అట్టి నంబరుకు ఫోను చేసినందుకు మీ ప్రీపెయిడ్ సొమ్ము పోకపోవచ్చును. మాట్లాడినందుకు బ్యాంకు ఖాతాలోని సొమ్మంతా పోవచ్చును. కనుక బ్యాంకు నంబరును పాసుపుస్తకం మీద గాని, ఏటీఎం కార్డు వెనుక గాని చూసి మాత్రమే చేయండి. మీకు ఫోను వచ్చినప్పుడు తెరమీద 1800 కనబడినా అది రుజువు కాదు. తెరమీద నంబరును మార్చి చూపే ఉపాయాలు ఉన్నాయి. ఓటీపీ గాని, పిన్ గాని అడిగినవారు ఎవరైనా సరే, వెంటనే ఫోను పెట్టివేయండి.

అట్లే 91 కాక వేరే అంకెలతో, ముందు కూడిక గుర్తుతో వచ్చిన తెలియని మిస్డ్ కాల్‌కు తిరిగి చేయరాదు. అది విదేశీ కాల్. మిగిలిన సొమ్మంతా నిమిషంలో హరించుకుపోగలదు.

ఒకవేళ మోసపోయి బ్యాంకు సొమ్ము పోయినట్లయితే 1930కి వెంటనే ఫోను చేయండి. సొమ్ము ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు చేతులు మారకముందే నిలుపుదల చేయడానికి ప్రయత్నించే కేంద్రమది. ఇక్కడ గంటలు కాదు, నిమిషాలు ముఖ్యం. ఇంటికి వెళ్లి ఆలోచిద్దామని ఆలస్యం చేయరాదు.

అయినా సొమ్ము కోతపడితే?

టోల్ ఫ్రీ నంబరుకు చేసినా సొమ్ము తగ్గినట్లు కనబడితే ముందుగా నొక్కిన నంబరును మరల సరిచూసుకొనండి. 1800కు బదులు 1860 కావచ్చును. లేదా అదే సమయంలో పాటల సేవ వంటిది కోతపడి ఉండవచ్చును. అట్టి సేవను నిలిపివేయడానికి 155223 అనే టోల్ ఫ్రీ నంబరు ఉన్నది. మీ స్పష్టమైన అంగీకారం రెండుసార్లు తీసుకొననిదే అట్టి సేవను మొదలుపెట్టరాదని 2013లోనే ట్రాయ్ ఆదేశించింది.

తప్పు కంపెనీదే అని తోస్తే 198కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయండి. తేదీ, సమయం, పిలిచిన నంబరు, కోతపడిన మొత్తం చెప్పండి. వారు ఒక ఫిర్యాదు నంబరు ఇస్తారు; అది సందేశంగా కూడా వస్తుంది. ఆ నంబరు లేనిదే ఫిర్యాదు లేనట్లే కనుక దానిని రాసిపెట్టుకొనండి. పరిష్కారం కాకపోయినా, వచ్చిన పరిష్కారం నచ్చకపోయినా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి 30 రోజులలోగా అప్పీలు చేసుకొనవచ్చును. దీనికి రుసుము లేదు. 39 రోజులలోగా ఆ అధికారి నిర్ణయం చెప్పవలెను.

రుజువు కావలసి వచ్చినప్పుడు, గడిచిన ఆరు నెలలలోని వాడకపు వివరాలను ప్రీపెయిడ్ వినియోగదారులు కూడా కంపెనీని కోరవచ్చును. అందుకు 50 రూపాయలకు మించి తీసుకొనరాదు. ఒక్కొక్కరి ఫిర్యాదును ట్రాయ్ నేరుగా విచారించదు. అయితే వినియోగదారుల కమిషన్ తలుపులు తెరిచే ఉన్నాయి. టెలిఫోన్ సేవల వివాదాలను అది విచారించవచ్చునని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. ముందుగా 1915కు తెలుగులో మాట్లాడి సలహా పొందవచ్చును.

గోడమీద రాసిపెట్టుకొనదగిన నంబర్లు

అత్యవసర సహాయం: 112
అంబులెన్సు: 108
చెన్నై కార్పొరేషన్ ఫిర్యాదులు: 1913
చెన్నై తాగునీరు, మురుగునీరు: 1916
సైబర్ మోసాలు: 1930
పిల్లల రక్షణ: 1098
మహిళల సహాయం: 181
వృద్ధుల సహాయం: 14567
మానసిక ఆరోగ్య సలహా: 14416
ఉచిత న్యాయ సహాయం: 15100
ఆధార్: 1947
వినియోగదారుల సహాయం: 1915
సిమ్ కంపెనీకి ఫిర్యాదు: 198
కోరని సేవల నిలుపుదల: 155223

ఈ పుటను కత్తిరించి తలుపు వెనుక అంటించుకొనవచ్చును. ఆనాటి తల్లికి ఈ విషయమంతా చెప్పినప్పుడు ఆమె అక్కడే నిలుచుండి 1913 నొక్కి, తమ సందులోని మూసుకుపోయిన కాలువ సంగతి వచ్చిన తమిళంలో చెప్పింది. ఫోను పెట్టిన తరువాత ఖాతాలో మిగిలిన సొమ్ము ఎంతో చూపమన్నది. పద్దెనిమిది రూపాయలు పద్దెనిమిదిగానే ఉన్నాయి. “అయితే ఆ రెండు రోజులూ ఊరికే తడిశాం గదా బాబూ” అన్నది. మరొక ఇంటివారికి ఆ మాట అనవలసిన అవసరం రాకుండా, చదివినవారు పక్కింటివారికి కూడా ఈ సంగతి చెప్పగలరని కోరుచున్నాము.